మధ్య కుర్చీ

మా ఇంటావిడ పరాయి దేశపు భాష ఒకటి పిల్లలకు నేర్పుతుంది. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఊళ్లో అందరికీ ఆమె టీచరమ్మ, ఇంట్లో నాకూ అంతే. ఇన్నేళ్లు నేర్పినా ఆ భాష మాట్లాడే దేశంలో ఆమె ఎన్నడూ కాలు పెట్టలేదు. "గట్టు మీద నిలబడి ఈత నేర్పే బాపతు నేను" అని తన మీద తనే ఛలోక్తి వేసుకునేది.

అందుకని ఈసారి సెలవులకు వాళ్ల తమ్ముడు రమ్మని పిలిచినప్పుడు నేను మారు మాట్లాడకుండా నా ఇనప సామాన్ల కొట్టుకు తాళం వేశాను. బావమరిది ఆ దేశంలోనే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మనవాళ్లు చాలామంది ఆ ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. వాళ్లందరి మీదా అతనే పెద్ద. దేవుడి పటాన్ని తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టుకుని నేను టీచరమ్మ వెంట బయలుదేరాను.

"నేనక్కడ ఎవరికీ ఏమీ నేర్పను" అంది విమానంలో. "ఎవరి తప్పులూ దిద్దను. ఊరికే చెవులప్పగించి కూర్చుంటాను."

"మరి నా తప్పులు?"

"అవి ఇంటికెళ్లాక."

మొదట్లో అన్నట్టే చేసింది. పొద్దున్నే నా పూజ అయ్యేసరికి చెప్పులేసుకుని గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండేది. ఇద్దరం బస్టాపు బెంచీ మీద కూర్చునేవాళ్లం. బస్సులు వచ్చి పోతుండేవి, మేం ఏదీ ఎక్కేవాళ్లం కాదు. ఎవరో తల్లి పిల్లాణ్ని కసురుకుంటే ఈవిడ కళ్లు మూసుకుని కచేరీ వింటున్నట్టు తలూపేది. "ఈ తిట్టు నా పుస్తకాల్లో లేదండీ" అని మురిసిపోయేది.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. బావమరిది భార్య, నన్ను అన్నయ్యా అని పిలిచే ఆ అమ్మాయికి, అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్నా ఆ భాష పట్టుబడలేదు. ఇంట్లోకి భాష తెలిసిన మనిషి రాగానే పిల్లల బడిలో మాట్లాడటం దగ్గర్నుంచి దాచుకున్న పనులన్నీ బయటికి తీసింది. కుళాయి బాగుచేసేవాడు వచ్చిన రోజు సంగతి నాకింకా గుర్తే.

"వదినా, వాడికి గట్టిగా చెప్పండి."

"గట్టిగా అంటే?"

"నేను తిట్టినట్టే తిట్టండి."

టీచరమ్మ తిట్టింది. అతను స్పానరు కింద పెట్టి ఏదో అన్నాడు.

"ఏమంటాడు?"

"పోయినసారి మీ ఆయన కూడా ఇలాగే అరిచాడు. అరుపుకి పైపు మారదు, డబ్బిస్తే మారుతుంది."

"అయ్యో, అదంతా చెప్పక్కర్లేదు వదినా!"

"అన్నాడుగా మరి."

అది ఆమె బడి అలవాటు. క్లాసులో మూడు కుర్చీలు వేయిస్తుంది. ఒక చివర కూర్చున్న పిల్లకు మన భాష ఒక్కటే వచ్చినట్టు లెక్క, రెండో చివర పిల్లకు ఆ భాష ఒక్కటే. మధ్య కుర్చీలో పిల్ల అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయాలి. ఒక్క మాట మింగకూడదు, ఒక్క మాటకు తేనె పూయకూడదు. గుసగుసగా అన్నా, కోపంలో అన్నా, గదిలో చెవిన పడ్డ ప్రతి మాటా అవతలి వాళ్లకు చెప్పాల్సిందే. అదీ, 'ఆయన అన్నాడు' అని కాదు, 'నేను' అనే చెప్పాలి. పిల్లలు దీన్ని అడ్డం పెట్టుకుని ఒకళ్లనొకళ్లు కడుపారా తిట్టుకుంటారు. మధ్యలో కూర్చున్న పిల్ల నవ్వకుండా చెప్పాలి. నవ్విందా, కుర్చీ పోయినట్టే.

ఒక ఉదయం కాఫీ తాగుతూ బావమరిది అన్నాడు. "అక్కా, నీతో చిన్న పని పడింది."

"కుళాయా?"

"కాదులే. మా దగ్గర ఒక కుర్రాడికి చెయ్యి నలిగింది. గదిలో తలుపు మధ్య పడింది. లేబర్ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి నాలుగు ముక్కలు అడిగి పోతుంది. ఎప్పుడూ నేనే చెబుతా మావాళ్ల తరపున. ఈసారి ఫ్యాక్టరీ మనిషి కుదరదు, బయటి వాళ్లు చెప్పాలి అందిట. నువ్వు బయటిదానివేగా."

"నేను నీ అక్కనిరా."

"ఆ సంగతి ఆవిడకూ తెలుసులే. జీతం నాదగ్గర కాదుగా, చాలంది. తలుపులో పడిందంటాడు వాడు. నువ్వూ అదే చెప్పు. చిటికెలో అయిపోతుంది."

"వాడు ఏమంటే అదే చెప్తాను" అంది టీచరమ్మ. "కానీ ముందు మనిషిని చూడాలి. ఎలా మాట్లాడతాడో వినకుండా కూర్చోలేను."

అతనికి అది నచ్చలేదు. నచ్చలేదని చెప్పడానికి కారణమూ దొరకలేదు.

ఆసుపత్రికి మేమిద్దరమే వెళ్లాం. అతన్ని అందరూ పొడుగోడు అంటారు. మంచం చాలక కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టుకట్టి పైకి వేలాడదీశారు. పక్కన స్టూలు మీద అతని గదిలో ఉండే వంటాయన కూర్చుని, ఎడమ చేతికి అలవాటు లేదని అతనికి ముద్దలు కలిపి పెడుతున్నాడు. మమ్మల్ని చూడగానే ఇద్దరూ లేవబోయారు. చేతికి తాడు ఉన్న సంగతి పొడుగోడు మర్చిపోయాడు, కెవ్వుమన్నాడు.

అప్పుడే డాక్టరు వచ్చాడు. టీచరమ్మ అడిగితే చెప్పాడు, ఆమె మాకు చెప్పింది. ఇంకో ఆపరేషను చేస్తే వేళ్లు వంగుతాయి. తొందరగా చెయ్యాలి. చేయకపోతే చెయ్యి ఉంటుంది కానీ పనికిరాదు. ఖర్చు ఎవరు పెట్టుకుంటారో తేలితే కత్తి పట్టుకుంటామని ఆసుపత్రి వాళ్లు ఆగారు.

"తలుపులో పడిందా నాయనా?" అని అడిగింది ఆమె.

"అవునమ్మా."

"ఏ తలుపు?"

పొడుగోడు వంటాయన వైపు చూశాడు. వంటాయన గిన్నెలోకి చూశాడు.

"గది తలుపమ్మా."

"వేళ్ల మీద వరసగా పళ్లు పడ్డట్టు గాట్లున్నాయని డాక్టరు చెప్పాడు. తలుపుకి పళ్లుంటాయా?"

అతను నీళ్లు నమిలాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మా, సార్ మాటిచ్చాడు. తలుపంటే ఆపరేషను చేయిస్తాడంట, పనిలోనూ ఉంచుతాడంట. మెషీనంటే మాత్రం ఫ్యాక్టరీ వాళ్లు మండిపడి ఇంటికి పంపేస్తారంట. ఒంటిచేత్తో ఇంటికెళ్లి నేనేం చేసుకోను? మీరు సార్‌కి అక్కగారంట. మీరు మాత్రం తలుపే చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

నాకు మనసు చివుక్కుమంది. పుణ్యం అనే మాటను ఇలా వాడతారని నేనెప్పుడూ అనుకోలేదు. బయటికి వచ్చాక టీచరమ్మ బస్సు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడకు కోపం వస్తే గొంతు పైకి లేవదు, పూర్తిగా ఆరిపోతుంది.

"వాడు తలుపంటే నేను తలుపే చెప్పాలి" అంది చివరికి. "నా పని అదే. కానీ నాకు ఒళ్లు మండుతోందండీ."

"నీ తమ్ముడు అంత చెడ్డవాడేం కాదు" అన్నాను. చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ని. మా పెళ్లిలో నా చెప్పులు దాచి బేరమాడినవాడు. "ఆపరేషను చేయిస్తానన్నాడుగా. చేయిస్తాడేమో."

ఆమె నావైపు చూసిన చూపుకి నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆసుపత్రిలోనే చిన్న గది ఇచ్చారు. ఒక బల్ల, గోడకో గడియారం, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. ఆఫీసరమ్మ జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, నవ్వదు, కసరదు. ఫ్యాక్టరీ తరపున బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను ఎవరూ బయటికి పొమ్మనలేదు కాబట్టి తలుపు పక్కన కూర్చున్నాను. టీచరమ్మ తన కుర్చీని ఆఫీసరమ్మకూ పొడుగోడికీ సరిగ్గా మధ్యకు జరుపుకుంది.

ముందుగా రెండు భాషల్లోనూ ఒకే మాట చెప్పింది. "ఈ గదిలో ఎవరేమన్నా నేను రెండో భాషలో చెబుతాను. ఏదీ వదలను. చెప్పొద్దనుకున్నది అనొద్దు."

బావమరిది నవ్వాడు. "మా అక్క బడి ఇక్కడ కూడా పెట్టేసింది బావా!"

టీచరమ్మ ఆ మాటను కూడా ఆఫీసరమ్మకు చెప్పింది. ఆఫీసరమ్మ తలూపింది. బావమరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆఫీసరమ్మ ముందు ఏదో నింపాదిగా చెప్పింది. టీచరమ్మ వింటూంటే ఆమె మెడ మీద నరం ఉబ్బడం నాకు కనిపించింది. పొడుగోడి వైపు తిరిగి చెప్పింది.

"నిన్ను అడిగేముందు నీ హక్కు చెప్పడం నా బాధ్యత. దెబ్బ పనిలో తగిలితే వైద్యమంతా ఫ్యాక్టరీ చేయించాలి. నయమయ్యేదాకా నిన్ను పనిలోంచి తీయకూడదు, దేశం దాటించకూడదు. దెబ్బ గదిలో తగిలితే అది నీ సొంత వ్యవహారం. పని చేయలేని మనిషిని ఫ్యాక్టరీ ఇంటికి పంపించుకోవచ్చు."

పొడుగోడు అర్థంకానట్టు చూశాడు. "అమ్మా, మళ్లీ చెప్పండి. అటూ ఇటూ అయిందేమో."

ఆమె ఆ మాట ఆఫీసరమ్మకు చెప్పింది. ఆఫీసరమ్మ మళ్లీ చెప్పింది. టీచరమ్మ మళ్లీ చెప్పింది. అటూ ఇటూ ఏమీ కాలేదు. అటూ ఇటూ చేసినవాడు ఇస్త్రీ చొక్కాలో నా ఎదురుగానే కూర్చున్నాడు.

నాకప్పుడు వచ్చిన కోపం నా ఒంటికి కొత్త. కొట్లో ఎగ్గొట్టేవాళ్ల మీద, కల్తీ మేకులు అంటగట్టేవాళ్ల మీద చాలాసార్లు కోప్పడ్డాను. అవి కోపాలు కావు. ఒక మనిషికి వైద్యం ఏ దారిలో ఉందో తెలిసీ, ఎదురు దారి చూపించి, దానికి మాటిచ్చానని పేరు పెట్టడం! దేవుడి పేరు తలుచుకుందామని చూశాను, నోరు ఆడలేదు.

పొడుగోడు బావమరిది వైపు తిరిగాడు. "ఏంది సార్ ఇది?"

బావమరిది పెదాల మీది నవ్వు చెదరనివ్వలేదు. ఆఫీసరమ్మకు ఊరడిస్తున్నట్టు కనబడేలా, మెత్తగా, మన భాషలో అన్నాడు.

"ఒరేయ్, అవన్నీ కాగితాల మీద మాటలు. నువ్వు తలుపే అను. మెషీన్ పళ్లకు అడ్డున్న జాలీ నేను తీయించానని నీ నోట్లోంచి వచ్చిందా, నీతోపాటు నీ గదిలో వాళ్లందరి చేతా సంచులు సర్దిస్తాను. మా అక్క ఉంది, ఎలా చెప్పాలో తనకు తెలుసు. మనలో మన మాట."

టీచరమ్మ తమ్ముణ్ని చూసింది. అతను ఆమెకు చిన్నగా తలూపాడు, చిన్నప్పుడు అమ్మకు చెప్పకు అన్నట్టు. ఆమె చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. తర్వాత ఆఫీసరమ్మ వైపు తిరిగి, అతను మాట్లాడినంత మెత్తగానే, అతను ఆగిన చోటల్లా ఆగుతూ చెప్పింది.

నాకు ఆ భాష రాదు. కానీ ఆఫీసరమ్మ కలం కాగితం మీద ఆగిపోవడం తెలిసింది. బావమరిది మొహంలో రక్తం దిగిపోవడమూ తెలిసింది.

"అక్కా! ఏం చెప్పావు?"

"నువ్వు చెప్పిందే" అంది. వెంటనే ఆ ముక్కలు రెండూ కూడా ఆఫీసరమ్మకు చెప్పింది.

అతను ఇక మన భాష వదిలేసి నేరుగా ఆఫీసరమ్మతో గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. చెప్పేది తన గురించేనని టీచరమ్మ కళ్లలో కనబడింది. అయినా ఆమె పొడుగోడి వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో మాటా చెప్పింది.

"మా అక్కకు ఈ మధ్య మతి స్థిమితంగా ఉండటం లేదు. దూరప్రయాణం ఒంటికి పడలేదు. నేను అనని మాటలు అన్నానంటోంది. దయచేసి ఆమె చెప్పింది రాసుకోకండి."

పొడుగోడు ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తన మీద పడ్డ నిందను తనే వాడికి అందిస్తున్న మనిషిని చూసి వాడికేమనిపించిందో కానీ, ఎడమచేత్తో బల్ల మీద గట్టిగా చరిచాడు.

"తలుపూ లేదు, గిలుపూ లేదమ్మా! అట్ట కోసే మెషీన్‌లో పడింది. జాలీ ఉంటే పని నెమ్మదిగా నడుస్తుందని సార్ పీకించాడు. వద్దన్నాను. వద్దన్నందుకే నన్ను దానిమీద నిలబెట్టాడు. రాయించండి!"

ఆమె చెప్పింది. ఒక్క మాటా వదల్లేదు. ఆఫీసరమ్మ రాసుకుంది.

బయట వరండాలో బావమరిది మమ్మల్ని ఆపాడు. చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది.

"నా బతుకు బుగ్గి చేశావు కదే! సొంత అక్కవేనా నువ్వు?"

"అక్కనని తెలిసే కదరా నన్ను కూర్చోబెట్టావు" అంది. అప్పుడు లేచింది ఆమె గొంతు, నేను కాపురంలో ఎన్నడూ విననంత పైకి. నర్సులు తలలు తిప్పి చూశారు. "కుళాయివాడి దగ్గర, పిల్లల బడి దగ్గర, నీకు నా భాష పనికొచ్చింది. వాడి చెయ్యి మాయం చేయడానికి కూడా పనికొస్తుందనుకున్నావు! నేను జీవితమంతా నేర్చుకున్నది నీకు దొంగతాళమా? నా మొహం చూసి ఎంత ధైర్యం వచ్చిందిరా నీకు!"

"పైవాళ్లు సరుకు సరుకు అని నా పీక మీద కూర్చుంటే నేనేం చేయను? బావా, నువ్వైనా చెప్పవేం!"

నేను ఎప్పుడూ సర్దిచెప్పే మనిషిని. ఇంటికి పెద్దవాణ్ని కాబట్టి అది నా ధర్మమనుకునేవాణ్ని. ఆ పూట నాకు సర్దడానికి ఏమీ దొరకలేదు. "మాకు దారి వదులు" అన్నాను.

ఇంటికి వెళ్లి సామాను సర్దుకుంటుంటే అతని భార్య గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది. "వదినా, మీరు సెలవులకొచ్చారు. సెలవులవగానే వెళ్లిపోతారు. మేమిక్కడ బతకాలి. ఆయన ఉద్యోగం పోతే పిల్లల్ని పట్టుకుని నేనెక్కడికి పోను?"

టీచరమ్మ మరదలి తల నిమరబోయింది, ఆ అమ్మాయి తల పక్కకు తీసుకుంది.

ఆసుపత్రి దగ్గర ఒక లాడ్జిలో చిన్న గది తీసుకున్నాం. మర్నాడు పొద్దున కిటికీ గట్టు మీద పటం పెట్టి దీపం వెలిగించాను. పొడుగోడి వేళ్లు వంగాలని కోరుకున్నాను. బావమరిది పిల్లల నోటి దగ్గర కూడు పోకూడదనీ కోరుకున్నాను. రెండూ ఒకే దీపం ముందు అడగవచ్చునా, ఒకటి ఇవ్వాలంటే రెండోది తీసుకోవలసి వస్తుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు తెలియలేదు. తెలిసినవాడు చెప్పలేదు.

ఆపరేషను ఫ్యాక్టరీ ఖర్చుతోనే జరిగింది. వేళ్లు ఎంతవరకు వంగుతాయో కట్టు విప్పితే కానీ చెప్పలేమన్నారు. బావమరిదిని విచారణ అయ్యేదాకా పనికి రావద్దన్నారని వంటాయన చెప్పాడు. అతను మాకు ఫోను చేయలేదు. మేమూ చేయలేదు.

వంటాయన మమ్మల్ని ఒక సాయంత్రం తమ వసతికి భోజనానికి పిలిచాడు. పొడుగాటి వంటగది, రెండు బల్లలు, గోడకి తడి తువ్వాళ్లు. పని దిగి వచ్చిన మనవాళ్లంతా మెట్ల మీద కూడా కూర్చుని ఉన్నారు. టీచరమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి అడిగింది.

"ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నారు. ఈ భాషలో మీలో ఎవరికైనా ఎంత వచ్చు?"

ఒకడు నమస్కారం చెప్పాడు. ఇంకొకడు ఉప్పు అడిగాడు. వెనక నుంచి ఒకడు బూతు మాట అన్నాడు, అందరూ గొల్లుమన్నారు.

"ఉచ్చారణ బాగుంది" అంది టీచరమ్మ. "మిగతాది?"

వంటాయన తల గోక్కున్నాడు. "మాకెందుకమ్మా? సార్ ఉన్నాడుగా మాట్లాడ్డానికి."

ఆ మాట విని ఆమె కంచం ముందు నుంచి లేచింది. మెతుకు ముట్టలేదు. బల్లలు వెనక్కి జరపమంది. మూడు కుర్చీలు వేయించి, మళ్లీ వద్దని మధ్యది తీయించేసింది. "మధ్యలో ఎవరూ కూర్చోరు" అంది. "మీది మీరే చెప్పుకోవాలి. పలకండి. నాకు దెబ్బ తగిలింది."

పలికారు.

"గొణగొద్దు! దెబ్బ తగిలినవాడు గొణుగుతాడా? మళ్లీ! నాకు పనిలో దెబ్బ తగిలింది."

పలికారు.

"ఇది మెషీన్. దీనికి జాలీ లేదు. నేను దీని దగ్గర నిలబడను."

నిలబడను అనే ఆ మూడోదానికి వాళ్లకు నోరు తిరగలేదు. భాష కష్టమై కాదు, ఆ ముక్క అనడానికే జంకుతున్నారు. టీచరమ్మ గరిటె తీసుకుని బల్ల మీద కొట్టింది. కుర్రాళ్లు బడిపిల్లల్లా ఉలిక్కిపడ్డారు. మా సెలవులు అయిపోయేదాకా ప్రతి సాయంత్రం అదే తంతు. బస్టాపు బెంచీ మీదికి ఆమె మళ్లీ వెళ్లలేదు. ఆ భాష వినపడితే చాలు మొహం విప్పారే మనిషి, ఇప్పుడు అందులో ఒక్కో ముక్కనూ పళ్లు నూరుతూ నేర్పింది.

ఒకసారి దారిలో అన్నాను. "వాళ్లు అలిసిపోయి వస్తారు. వాళ్లమీద అంత కోపమెందుకు?"

"వాళ్లమీద కాదు."

"తమ్ముడి మీదా?"

"వాడి మీద ఉంది. నా మీదా ఉంది. నా క్లాసులో పిల్లలకు ఇన్నేళ్లు ఏం నేర్పానండీ? స్టేషనుకు దారెటు? ఈ పువ్వు రంగేమిటి? ఈ రోజు వాతావరణం బాగుంది. ఈ దేశానికి మనవాళ్లు పువ్వులు చూడటానికి వస్తారా?"

ఈలోగా వసతి గుమ్మం వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆమె అందరినీ వరసగా నిలబెట్టి 'నేను దీని దగ్గర నిలబడను' అనే మూడో ముక్క చెప్పించింది. వంటాయన చెప్పాడు. ఉప్పు అడిగినవాడు చెప్పాడు. బూతు మాటవాడు అందరికన్నా స్పష్టంగా చెప్పాడు. వరస అయిపోయాక ఆమె నా వైపు తిరిగింది.

"మీరూ చెప్పండి."

"నాకెందుకే? నాది ఇనప కొట్టు. సెలవులకొచ్చినవాణ్ని."

"మీకు మాత్రం చేతులు లేవా? లేవండి."

వంటగదిలో అందరూ నా వైపు చూస్తున్నారు. లేచి నిలబడ్డాను. మొదటి మాటకే నాలుక మడతపడింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"మళ్లీ" అంది టీచరమ్మ. "గట్టిగా."